కొండగట్టుకు ఒక్కనివే నడుస్తవా తమ్ముడూ? ముందు ఆ సంచి దించు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. మొదటిసారి ఆంజనేయస్వామి మాల వేసుకున్నవు. హన్మకొండ నుంచి కొండగట్టు అంజన్న గుడికి నడుద్దామనుకుంటున్నవు. హైదరాబాద్‌ల నౌకరి, వాడకట్టుల నడిచే గుంపు లేదు. "తెలియనోళ్లతోని దారిల ఎట్ల కలవాలె? ఎవరి మీదా ఆధారపడకుండ పోవాలంటే ఏమేం పట్టుకపోవాలె?" అని అడిగినవు. కింద సామాన్ల పట్టీ కూడ పెట్టినవు. అది చూసి నవ్వొచ్చింది, ఏమనుకోకు. చిన్న గ్యాస్ స్టవ్, ఐదు లీటర్ల నీళ్లు, నాలుగు రోజుల బిస్కట్లు, మడత కుర్చీ. 2010ల నేను మోసిన సంచి కూడ గిట్లనే ఉండె. స్టవ్, కుర్చీ రెండే తక్కువ.

నేనుండేది హసన్‌పర్తి దిక్కు. 2010 నుంచి 2023 దాక పదకొండుసార్లు నడిచిన. ఇగ మోకాళ్లు వద్దన్నయ్. అప్పటి నుంచి ఎల్కతుర్తి దాటినంక రోడ్డు పక్కన డ్రమ్ము పెట్టి స్వాములకు సల్ల పోస్తున్నం. అంటే దారిని రెండు దిక్కుల నుంచి చూసినోన్ని. అందుకే జర పొడుగ్గ రాస్తున్న.

నీ ప్రశ్నల తిరకాసు రెండో సగం కాడ ఉన్నది. ఎవరి మీదా ఆధారపడకుండ కొండగట్టు పోవాలంటే ఆర్టీసీ బస్సున్నది, మూడు గంటల్ల దించుతది. నడిచిపోయేటోడు ఆధారపడకుండ ఉండలేడు. ఉంటే గింటే వానికి తోడు దొరకది. ఎందుకో నా కథతోనే చెప్త.

ముందు దారి సంగతి తొందరగ చెప్పేస్త, అది ఫోనుల కూడ కనబడ్తది. హన్మకొండ, హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్, కేశవపట్నం, మానకొండూర్, అలుగునూర్, మానేరు వంతెన దాటితే కరీంనగర్. ఇక్కడికి సుమారు 70 కిలోమీటర్లు. ఆడికెళ్లి కొత్తపల్లి, కురిక్యాల, గంగాధర చౌరస్తా, పూడూరు, కొండ కింది దాక ఇంకో 35. అంతా 563 నంబరు జాతీయ రహదారే. కరీంనగర్ దాక ఉన్న రోడ్డును నాలుగు వరుసలు చేసే పనికి 2023 జులైల శంకుస్థాపన అయ్యింది. పని జరిగిన చోటల్ల పాత చెట్ల నీడ తగ్గింది. "ఫలానా చింతచెట్టు కింద ఆగు" అని పాతోళ్లు చెప్పే లెక్కలు ఇప్పుడు నమ్ముకోకు. మూడు రాత్రులు, నాలుగు పొద్దులు పెట్టుకుంటే ఆగమాగం కాకుండ చేరుతవు.

నడక తెల్లారుజామున మూడున్నరకు మొదలువెట్టి తొమ్మిదింటికి ఆపాలె. మళ్ల సాయంత్రం ఐదున్నరకు లేచి రాత్రి పది, పదకొండు దాక, మొదటి రాత్రి అయితే ఇంకా జర ఎక్కువ. చైత్ర పౌర్ణమికి, అంటే చిన్న హనుమాన్ జయంతికి, చేరేటట్టు పోతం కాబట్టి నడిచే రాత్రులన్ని వెన్నెల పెరిగే రాత్రులే. దారి మంచిగనే కనబడ్తది, గని లారీ డ్రైవర్‌కు నువ్వు కనబడాలె. సంచి వెనక మెరిసే టేపు అతికించు. రోడ్డుకు కుడి దిక్కున, బండ్లకు ఎదురుంగ నడువు.

ఇగ కాళ్లు. మాల వేసుకున్నంక చెప్పులు ఉండయ్. ఏప్రిల్ ఎండల మధ్యాహ్నం తారు 60 డిగ్రీలు దాటి కాలుతది. ఎప్పుడన్న ఆలస్యమై పదింటికి కూడ నడవాల్సి వస్తే రోడ్డు అంచుకు గీసిన తెల్లగీత మీద నడువు. నల్ల తారు కన్న అది సల్లగుంటది. ఇది ఏ గురుస్వామీ చెప్పిన నియమం కాదు, కాళ్లే నేర్చుకున్నయ్. గీత జానెడు వెడల్పు కూడ ఉండదు. గుంపుల ఇరవై మంది ఉంటే అందరు ఆ గీత మీదనే ఒకరి వెనక ఒకరు పోతరు. పక్క నుంచి ఒకడు కుంటుకుంట వస్తే ముందున్నోడు గీత దిగి తారు మీదికి జరుగుతడా లేదా అన్నది చూడు. గుంపు ఎసుంటిదో నీకు ఆడ్నే తెలిసిపోతది. జరిగేటోళ్లు ఉన్న గుంపుతోనే పో.

ఇప్పుడు నా కథ. 2010ల నేను అన్ని మోసుకొని బయలుదేరిన. హసన్‌పర్తి దాటంగనే ఒకామె బిందె పట్టుకొని నిలబడ్డది. "నీళ్లు తాగు స్వామీ" అన్నది. "ఉన్నయమ్మా" అన్న. ఎల్కతుర్తి కాడ అరటిపండ్లు ఇచ్చిన్రు, "తిన్న" అన్న. అది మర్యాద అనుకున్న. వేరేటోళ్ల సొమ్ము ఎందుకు, మన బరువు మనం మోసుకోవాలె అని మా నాయిన నేర్పిన బుద్ధి. హుజూరాబాద్ దాక నాతోని ఎవ్వరూ మాట్లాడలే. వాళ్లది తప్పు కాదు. ఏదన్న అడిగితేనో, తీసుకుంటేనో కదా మాట మొదలయ్యేది. నేను ఆ సందే ఇయ్యలే.

కేశవపట్నం చేరేసరికి రెండు అరికాళ్లు పొక్కినయ్. ఎడమ కాలు పొక్కు రూపాయి బిళ్లంత. ఒక మూసిన హోటల్ అరుగు మీద కూసున్న, ఎవరూ చూడకుండ కాళ్లు కిందికి పెట్టుకొని. అరవై దాటిన స్వామి ఒకాయన వచ్చి, అడగకుండ నా కాలు ఎత్తి ఆయన తొడ మీద పెట్టుకున్నడు. పెద్దమనిషి తొడ మీద కాలు! గుంజుకున్న. ఆయన వదలలే. "ఇంత సంచి మోసే బలమున్నది, కాలు ఇచ్చే బలం లేదా స్వామీ?" అన్నడు.

సూదిని స్పిరిట్‌తోని తుడిచి, పొక్కు అంచుకు రెండు చోట్ల గుచ్చి, మెల్లగ వత్తి నీరు తీసిండు. పై తోలు పీకలే. నువ్వు కూడ పీకకు, ఆ తోలే కింది పచ్చి చర్మానికి కాపు. మందు రాసి, శుభ్రమైన గుడ్డ పెట్టి, పైన ప్లాస్టర్ చుట్టిండు. నొప్పి లేని చిన్న పొక్కును అసలు ముట్టుకోవద్దని చెప్పిండు. షుగర్ ఉన్నోళ్లయితే ఈ సొంత వైద్యం వద్దేవద్దు, వాళ్లకు కాలు కాలినా తెల్వది. అసుంటోళ్లు డాక్టర్‌ను అడగకుండ ఉత్త కాళ్లతోని బయలుదేరుడే తప్పు. దేవుడు కోపం చేసుకోడు, బస్సుల రావొచ్చు.

కట్టు కట్టినంక ఆయన నా సంచి మూతి ఇప్పి చూసిండు. "ఈ బిస్కట్లు నాకిస్తవా?" అన్నడు. ఇచ్చిన. ఆయన ఒక్కటి కూడ తినలే. పద్దెనిమిది ప్యాకెట్లను అటువైపు పోతున్న ప్రతి స్వామికి పంచుకుంట, "గీ స్వామి ఇస్తున్నడు" అని నన్ను చూపెట్టిండు. పావుగంటల నా సంచి సగమయ్యింది. నలభై మందికి నేను తెలిసిపోయిన. ఆ రోజు నుంచి నా పేరు బిస్కట్ స్వామి. ఇప్పటికీ జమ్మికుంట నుంచి ఒకాయన ఫోన్ చేసి "బిస్కట్ స్వామి, పానం మంచిగున్నదా?" అంటడు. ఆయన అసలు పేరు నాకు తెల్వది. నా ఫోనుల ఆయన టార్చి స్వామి.

నా కాలు బాగుచేసినాయనే తర్వాత మా గురుస్వామి అయ్యిండు. నీ ప్రశ్నకు జవాబు ఆయనే ఒకసారి చెప్పిండు. మాలల ఉన్నోడు పగటిపూట తినేదాన్ని మనం అన్నం అనం, భిక్ష అంటం. మన పైసలతోని మన ఇంట్ల మన అమ్మ వండినా అది భిక్షనే. నలభై ఒక్క రోజులు ఆ మాట నోట్లె పెట్టుకొని తిరిగి, దారిల ఒకరు గిలాస చాపంగనే "నాకు అవసరం లేదు" అన్నోడు ఏం దీక్ష చేసినట్టు?

కాబట్టి తీసుకో. తీసుకునేటందుకు కూడ ఒక పద్ధతున్నది. పుచ్చకాయ ముక్క ఇస్తే ఆడ్నే నిలబడి తిను, పట్టుకొని ఉరకకు. పెట్టినామె ముఖం చూసి ఒక్క మాట మాట్లాడు, ఏ ఊరమ్మా, ఎన్నేండ్ల సంది పోస్తున్నరు అని. వాళ్లు రాత్రి రెండింటికి లేచి వండి ఉంటరు. కడుపు నిండితే ముందే చెప్పు, తీసుకొని సగం తిని పారబోయకు. గిలాస, విస్తరి డబ్బల వెయ్యి. డబ్బ లేకుంటే ఏరి పక్కకు కుప్ప పెట్టు. పైసలు ఇయ్యబోకు, వాళ్లకు కష్టమనిపిస్తది. ముడుపు లెక్క ఏమన్న ఇయ్యాలనిపిస్తే కొండ మీద వాళ్ల పేరు చెప్పి ఒక కొబ్బరికాయ కొట్టు. ఊర్ల పేర్లు, ఇంటిపేర్లు ఒక కాగితం మీద రాసుకుంట పోయేటోళ్లు ఉంటరు. అది చూసి నేను కూడ మొదలువెట్టిన. ఒక ఏడు ఆ కాగితం మీద ముప్పై ఒక్క పేరు అయ్యింది.

తోడు ఎట్ల కుదురుతది అన్నవు. మాటలు కలిసినోడు కాదు, నడక కలిసినోడు తోడు. మొదటి పూట ఎవరితోనీ ఒప్పందం పెట్టుకోకు. నీ లెక్కన నువ్వు నడువు. మూడు నాలుగు చోట్ల ఆగినప్పుడు అవే ముఖాలు మళ్ల మళ్ల కనబడ్తయ్, వాళ్లే నీ గుంపు. సంకోచం ఉంటే నోటికి పని చెప్పకు, చేతికి చెప్పు. బోరు కాడ వంద మంది స్నానానికి నిలబడితే బకెట్ అందియ్యి. పడుకునే చోట చాప దులుపు. ఒక పూట చాలు.

మంచి గుంపుకు ముందు నడిచేటోడు ఎవడన్న కావొచ్చు, రోడ్డు ఒక్కటే కదా. చూడాల్సింది వెనక ఎవరున్నరని. మా గురుస్వామి పదకొండేండ్లు ఎప్పుడూ చివరనే నడిచిండు. కుంటేటోడు ఎవడన్న వెనకపడితే "తొందరగ రా" అనడు, "పాపం ఆగుదాం" అని కూడ అనడు. టవాల ముడి ఊడిందని కూసుంటడు. లేకుంటే కాల్ల ముల్లు ఇరిగిందంటడు. ఆయన కాల్ల రోజుకు పది ముండ్లు ఇరుగుతుండె! కుంటేటోనికి తన కోసం ఆగిన్రని తెల్వకుండ రెండు నిమిషాలు దొరికేది. కొన్నేండ్లకు నాకు సంగతి సమజైనంక అడిగితే "నీ కాలు పొక్కిన ఏడు కూడ నాకు మస్తు ముండ్లు ఇరిగినయ్" అని నవ్విండు.

కురిక్యాల దిక్కు వచ్చేసరికి అందరికీ కాళ్లు ఒడిసిపోతయ్. ఒక ఏడు మాతోని సర్కారు బడి సారు ఒకాయన ఉండె. ఇంటర్ చదివే పిల్లగాడు ఇగ నడవనని మొండికేసిండు. సారు వాని భుజం మీద చెయ్యేసి, అటు దిక్కున్న బొమ్మలగుట్ట కథ అందుకున్నడు. పదో శతాబ్దంల జినవల్లభుడు ఆ గుట్ట మీద శాసనం చెక్కించిండని, ఈయన కన్నడ ఆదికవి పంపకు తమ్ముడని, అందుల తెలుగు కందపద్యాలు ఉన్నయని. పంతులు కదా, ఊకుంటడా, కందపద్యం లెక్కలు కూడ మొదలువెట్టిండు. నాలుగు మాత్రల గణాలు, రెండో పాదం, నాలుగో పాదం పొడుగు. అడుగు లెక్కన గణాలు చెప్పుకుంట పిల్లగాడు గంగాధర చౌరస్తా దాక వచ్చిండు. వానికి పద్యం వచ్చిందో లేదో తెల్వది.

అంతా తేనె లెక్కనే ఉంటదని చెప్తలేను. కొట్లాటలు అయితయ్. గురకపెట్టేటోనితోని అయితయ్, ఫంక్షన్ హాల్ల ఫ్యాను కింది జాగ కోసం అయితయ్. అన్నిటికన్న ఎక్కువ స్పీకర్ కాడ అయితయ్. ఒకనికి రాత్రంతా భజన పాటలు మోగాలె, ఇంకొకనికి నిశ్శబ్దంగ నామం చేసుకోవాలె. ఇద్దరూ భక్తులే, అదే తంటా. 2019ల మా గుంపుల ఇద్దరు మానకొండూర్ రాకముందు స్పీకర్ గురించి ఎంత లొల్లి పెట్టుకున్నరంటే, ఒకడు సంచి సర్దుకొని వేరే గుంపుతోని పోతనని లేచిండు. ఆ ఏడు పౌర్ణమి ఏప్రిల్ 19న పడ్డది. అంటే యాసంగి వరి కోతలు నడుస్తున్నయ్, రోడ్డు అంచు పొడుగూత వడ్లు ఆరబోసి ఉన్నయ్. (నీకు ఈసారి కూడ వడ్లు కనబడితే పైలం. కాలు పెట్టకు, చుట్టు తిరిగి పో. అలసిపోయి మెత్తగుంటదని వాటి మీద కూసునేటోళ్లను చూసిన. అది రైతు అన్నం తమ్ముడూ.)

రాత్రి పదకొండు దాటింది. ఒక్కసారి గాలిదుమారం లేచింది, ఉత్తరం దిక్కు మెరుపులు. రోడ్డు పక్కన ముసలాయన, ముసలామె ఇద్దరే ఒక పెద్ద కుప్ప మీద కవర్ కప్పబోతున్నరు. అది పతంగి లెక్క లేస్తున్నది. ఎవరు ముందు ఉరికిన్రో యాదికి లేదు. సంచులన్ని ఒక చోట పారేసి నలభై మందిమి వడ్ల మీద పడ్డం. పారలు లేవు. చేతులతోని, పళ్లాలతోని, టవాలలతోని ఊడ్చి కుప్ప చేసినం. కవర్ కప్పినం, గని అంచుల మీద పెట్టేటందుకు రాళ్లు చాలలే. గాలికి లేస్తున్నదని ఎవరో పోయి అంచు మీద కూసున్నరు. ఇగ అందరం కూసున్నం, రాళ్ల లెక్క, చుట్టూత. వాన దంచుతున్నది. గంట సేపు నెత్తి మీద చేతులు పెట్టుకొని అట్లనే కూసున్నం. మెరుపుల చూస్తే స్పీకర్ కాడ కొట్లాడిన ఇద్దరూ ఒకే మూల మీద, ఒకే టవాల కింద ఉన్నరు. స్పీకర్ సంచిల తడిసి సచ్చింది. లొల్లి ఆడ్నే ఒడిసింది.

వాన వెలిసినంక ముసలామె ఏం మాట్లాడలే. మేం తడి బట్టలతోని ఆ ఊరి బడి వరండాల పడుకున్నం. మూడున్నరకు లేచేసరికి ఆమె పెద్ద గిన్నెల ఉప్మా పట్టుకొని మెట్ల కాడ నిలబడ్డది. "ఉల్లిగడ్డ ఎయ్యలే, స్వాములు తినరు కదా" అన్నది. ఆ మాటకు మాలో ఒకడు ఏడ్చిండు. ఎందుకు ఏడ్చిండో వాడు చెప్పలే, మేం అడగలే.

పేర్ల సంగతి కూడ నీకు వింతగ అనిపిస్తది. మాల వేసుకున్నోళ్లందరూ స్వామే, ఆడవాళ్లయితే మాత. నలభై కిలోమీటర్లు భుజం మీద చెయ్యేసి నడిచినోని కులం ఏందో, కొలువేందో నీకు తెల్వది. అలుగునూర్ కాడ ఒకసారి భిక్ష పెడుకుంట ఒక పెద్దాయన "మీరేమిటోళ్లు స్వామీ?" అన్నడు. మా గురుస్వామి విస్తరి ముందటికి జరిపి "ఆకలైనోళ్లం" అన్నడు. పెద్దాయన ఇంకో గంటె వడ్డించిండు. మాల తీసి ఊరికి పోయినంక మళ్ల ఎవరి వాడ వాళ్లదే, అది కూడ కండ్లార చూసిన. నేను చెప్పేది ఆ నాలుగు రోజుల సంగతే.

2023ల పౌర్ణమి ఏప్రిల్ 6న. అది రంజాన్ నెల. హుజూరాబాద్ రాకముందు పంక్చర్ షాపు నడిపే అన్న ఒకాయన బోరు పైపుతోని రోడ్డు తడుపుతున్నడు, మా కాళ్లు కాలకుండ. మండే ఎండల, రోజా మీద. ఆయన నోట్లె చుక్క నీళ్లు లేవు, మా కాళ్ల కింద ట్యాంకు ఖాళీ చేస్తున్నడు. మేం ఆ షాపు వెనక రేకుల కిందనే సాయంత్రం దాక పడుకున్నం. పొద్దుగూకినంక ఆయన రోజా విప్పే యాళ్లకు మా దగ్గరున్న ఖర్జూరం పండ్లు ఇచ్చినం. రెండే తీసుకున్నడు, మిగిలినయ్ మాకే తిరిగిచ్చి "మీకు ఇంకా దూరమున్నది" అన్నడు.

నడవలేక ఆగిపోయేటోళ్ల గురించి కూడ చెప్పాలె, ఎందుకంటే అది నువ్వే కావొచ్చు. కరీంనగర్ల మా గుంపుల ఒక పిల్లగానికి జ్వరమొచ్చింది. ఇంటికి పొమ్మంటే ముఖం చిన్నబుచ్చుకున్నడు. మా గురుస్వామి వాన్ని పక్కకు పిలిచి, "కొండ మీద ఈసారి జనం మస్తున్నరట, మనకు పడుకునే జాగ దొరకదు. నువ్వు డాక్టర్‌కు చూపించుకొని, రేపు పానం మంచిగుంటే బస్సుల ముందుగాల పోయి మా అందరికి జాగ పట్టాలె" అన్నడు. ఇద్దరు వాన్ని దవాఖానకు, ఆడికెళ్లి వాళ్ల చిన్నమ్మ ఇంటికి తోలుకపోయిన్రు. మర్నాడు రాత్రి మేం కొండెక్కేసరికి వాడు ఆ జన సముద్రంల నాలుగు దుప్పట్లు పరిచి, కాపలా కుక్క లెక్క మధ్యల కూసున్నడు. ఎంతమందితోని తిట్లు తిన్నడో. మేం పోంగనే లేచి "నలభై మందికి సరిపోతదా?" అని అడిగిండు.

కానీ ఒక్క దాంట్ల మొహమాటం వద్దు. ఎండదెబ్బ. పక్కోడు తల తిరుగుతున్నదన్నా, వాంతి చేసుకున్నా ఆపి నీడకు తీసుకపో. తడి గుడ్డతోని ఒళ్లు తుడువు, నీళ్లల్ల ఓఆర్ఎస్ కలిపి కొద్దికొద్దిగ తాపు. ప్యాకెట్ లేకుంటే లీటర్ నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమానంగ, కుప్పగ కాదు. మాట తడబడుతున్నా, ఎక్కడున్నమో తెల్వనట్టు మాట్లాడినా, ఒళ్లు నిప్పు లెక్క కాలుతున్నా అది ప్రాణం మీదికి వచ్చినట్టు. నీళ్లు బలవంతంగ పొయ్యకు, ఒంటి మీద పొయ్యి, గాలి విసురు, వెంటనే 108కి కొట్టు. "స్వామే చూసుకుంటడు" అనేటోడు ఒకడు ఎప్పుడూ ఉంటడు. వాని మాట ఇనకు.

ఇగ నీ పట్టీ. స్టవ్, కుర్చీ, నాలుగు లీటర్ల నీళ్లు ఇంట్ల పెట్టు. లీటర్ బాటిల్ ఒకటి చాలు, ప్రతి ఊర్ల చలివేంద్రం ఉంటది. రెండు జతల బట్టలు, పలుచని దుప్పటి, రెండు టవాలలు, సూది, స్పిరిట్, దూది, ప్లాస్టర్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పది, టార్చి. నీకు రోజూ వేసుకునే మందులుంటే అవి. నీకు రెండు ప్యాకెట్లే పడ్తయ్, మిగిలిన ఎనిమిది వేరేటోళ్లకు. ఇరుముడి కట్టించుకుంటే దాని బరువు కూడ లెక్కపెట్టుకో. బిస్కట్లు పట్టుకపో, వద్దనను, మొదటి పూటనే పంచెయ్యి.

రోడ్డు ఈ దిక్కున నిలబడ్డంక నాకు తెలిసిందొకటి ఉన్నది. మా వాడకట్టుల ముప్పై ఇండ్ల నుంచి పెరుగు వస్తది. రాత్రి తొమ్మిదింటికి చిలకడం మొదలువెడితే పన్నెండుకు డ్రమ్ము నిండుతది. అల్లం, కరివేపాకు, ఉప్పు. నడుములు ఒంగిపోతయ్. ఒకడు వచ్చి రెండు గిలాసలు తాగి మూతి తుడుచుకొని "ఇంకో గిలాస పొయ్యి పెద్దమనిషీ" అన్నడనుకో, నడుము నొప్పి పోతది. ఇంకొకడు పెద్ద సంచితోని వస్తడు, పెదవులు ఎండి ఉంటయ్, "ఉన్నయ్ స్వామీ" అని కండ్లు దించుకొని పోతడు. చాపిన గిలాస చేతిలనే ఉండిపోతది. హసన్‌పర్తి కాడ బిందె పట్టుకొని నిలబడ్డ ఆమెకు 2010ల ఎట్లనిపించి ఉంటదో నాకు అప్పుడు సమజైంది. తర్వాతి ఏండ్లు ఆమె కోసం చూసిన, కనబడలే.

నువ్వు ఏకాదశి సాయంత్రం హన్మకొండల బయలుదేరితే అర్ధరాత్రి దాటి మా కాడికి వస్తవు. ఎల్కతుర్తి దాటి రెండు కిలోమీటర్లు, ఎడమ దిక్కు నీలం డ్రమ్ము, పైన కాషాయం గుడ్డ, కింద ట్యూబ్‌లైట్. పేరు చెప్పాల్సిన పని లేదు, ఫోన్ చెయ్యాల్సిన పని లేదు. రెండు దాటినంక వస్తే నేను డ్రమ్ము పక్కన బెంచీ మీద పడుకొని ఉంట. మూత తీసుకొని తాగి పోకు, లేపు.